నోట్లో లేని గుండుసూదులు

అమ్మా, ఇక్కడ అందరం బాగున్నాం. నా తలకు కరెంటు పెడుతున్నారని పిన్ని చెబితే నమ్మకు. ధ్యాస నిలవడానికి చేసే ఈ వైద్యంలో తలకు అతికించే తీగలు మెదడు సంగతి వింటాయే తప్ప ఎదురు చెప్పవు, నీ అల్లుడిలా కాదు. ధ్యాస కుదిరితే ఎదురుగా తెరమీద బొమ్మ వెలుగుతుంది, చెదిరితే మసకబారుతుంది. అది చూస్తూ చూస్తూ మెదడే కుదురుగా ఉండడం నేర్చుకుంటుందట.

నిన్న బొమ్మ ఎంతకీ వెలగలేదు. "నోట్లో ఏమైనా పెట్టుకున్నారా?" అంది డాక్టరమ్మ. చూసుకుంటే, కుట్టుమిషను ముందు కూర్చున్నట్టు లేని గుండుసూదుల్ని పళ్ళతో బిగబట్టి ఉన్నాను. దవడ వదులు చెయ్యగానే బొమ్మ వెలిగింది. ఇదివరకులా ధ్యాస చెదిరి రెండూ ఎడమ చేతులే ఉన్న జాకెట్టు ఈ నెల ఒక్కటీ కుట్టలేదు.

నీ పాత కత్తెర పంపు. నాన్నకు దండాలు. నీ తలనొప్పి తగ్గిందా? సూదులు నోట్లో పట్టడం నువ్వు నేర్పిందే. ఇది చదువుతూ కూడా బిగించే ఉంటావు, దవడ వదులు చెయ్యి.