ఎర్ర హెల్మెట్ మీద కాకులు

ప్రియమైన తమ్ముడికి,

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి వారమైంది. కడుపులో గడ్డ తీసేశారు. భయపడాల్సింది కాదన్నారు. నువ్వు రాలేదని మనసులో ఏమీ పెట్టుకోలేదు.

మందుల చీటీని మేక తినేసింది. ఇంకోటి రాయమని వెళితే డాక్టరుగారు, "ముందు మేకకెలా ఉందో చెప్పమ్మా" అన్నారు. ఇక మన పుంజు సంగతి. ఆసుపత్రికి వెళ్లేముందు పాలమనిషిని పొడిచిందని దాన్ని ఒక పూటంతా బుట్ట కింద మూసిపెట్టాను. అది మర్చిపోలేదు. తిరిగొచ్చి నేను గేటు దాటానో లేదో, తలుపు చాటు నుంచి వచ్చి పిక్క మీద పొడిచింది. కుట్లు లాగుతాయని తెలిసీ నవ్వు ఆపుకోలేకపోయాను.

వేళకి తిను.

నీ అక్క

అక్కా,

పుంజు గురించి చదివి నవ్వాను గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నీకు ఆపరేషన్ జరుగుతున్న పూట నేను కరెంటు స్తంభం మీద ఉన్నాను. సెలవు చీటీ ఇస్తే మా సూపర్‌వైజరు తల కూడా ఎత్తకుండా "కుదరదు" అన్నాడు. కారణమేంటని అడిగితే, "కుదరదంటే కుదరదయ్యా" అన్నాడు. ఆ వారమే లైన్ ఇన్‌స్పెక్టరు ప్రమోషన్ పరీక్ష కూడా రాశాను. ఏం రాశానో నాకే తెలీదు.

నీ పుంజే నాకు దారి చూపించింది. ఆఫీసు ఆవరణలో చెట్టు మీద కాకిగూడు ఉంది. ఎర్ర హెల్మెట్ ఇక్కడ మా సూపర్‌వైజరొక్కడికే ఉంది. మూడు రోజులుగా ఆయన భోజనానికి కూర్చోగానే ఆ హెల్మెట్ పెట్టుకుని, మొహానికి గుడ్డ కట్టుకుని, గడకర్రతో ఆ కొమ్మను ఊపుతున్నాను. గుడ్లకి ఏమీ కాలేదు, ఒట్టు. కాకులకి మాత్రం ఆ ఎరుపు బాగా గుర్తుండిపోయింది.

నీ తమ్ముడు

అక్కా,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను, ఆగలేక. ఆయన ఆ హెల్మెట్‌తో గేటు దగ్గరికి రాగానే కాకులు మీద పడుతున్నాయి. ఎండలో గొడుగేసుకుని వస్తున్నాడు. ఫైలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు. "వీటికి నేనేం చేశానయ్యా?" అని నన్నే అడిగాడు. "తెలీదు సార్" అన్నాను. నా కడుపు చల్లబడింది.

నిన్న సైకిలు మీదుండగా తరిమాయి. పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. అంతవరకూ అనుకోలేదు. అయినా జాలి పడదలుచుకోలేదు.

నీ తమ్ముడు

తమ్ముడూ,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు అందాయి. కూర్చుని చదువు.

నీకు సెలవు ఇవ్వొద్దని మీ సూపర్‌వైజరు గారికి రాసింది నేను. మొదటిసారి నాకు జ్వరమని, రెండోసారి మన పశువుల పాక కూలిందని నువ్వు ఆ పరీక్ష వదిలేశావు. మూడోసారీ వదిలేస్తావని నాకు తెలుసు. నా పేరు చెప్పొద్దని కూడా రాశాను. "మీ తమ్ముడు నన్ను తిట్టుకుంటాడు, ఫరవాలేదు" అని ఆయన ఒక్క కార్డుముక్క రాశారు.

నీ పగ చేరాల్సింది నాకు. పాపం, ఆ మనిషికి చేరింది. వెళ్లి చెప్పు.

అక్క

అక్కా,

వెళ్లాను. ఆయన ఒంటరిగా ఉంటారని ఇన్నేళ్లుగా నాకు తెలీదు. చొక్కా సగం తొడుక్కుని కుర్చీలో కూర్చున్నారు. అంతా చెప్పాను.

"చెయ్యి ఇరిగింది నాది. ఏడుపు నీకెందుకయ్యా? ముందు ఈ బొత్తాలు పెట్టు" అన్నారు.

పదిరోజులుగా పొద్దున్నే వెళ్లి పెట్టి వస్తున్నాను. నా పరీక్ష ఫలితం కూడా ఆయనే చదివి చెప్పారు. ప్యాసయ్యాను.

నీ మీద కోపం మాత్రం పోలేదు. నిన్ను ఒక్కదాన్నే ఆపరేషన్ గదిలోకి పంపిన తమ్ముణ్ణి చేశావు నన్ను. అది ఎదురుగా కూర్చుని తేల్చుకోవాలి. నాలుగు రోజులు సెలవు అడిగాను. ఆయన చీటీ మీద ఎడమచేత్తో, నాలుక కరుచుకుని మరీ సంతకం పెట్టారు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"చెల్లుతుందా సార్?" అన్నాను.

"చెల్లకపోతే నన్నడగమను. మీ అక్క దగ్గరికి పో" అన్నారు.

నీ తమ్ముడు