ఖాళీ ఇళ్లలో లైట్లు

ప్యూర్టో రికో

ఇందూ,

నేను కులాసాగానే ఉన్నాను. తుఫానుకి పడిన ఫోన్ టవర్ ఇంకా లేవలేదు, అందుకే ఈ కార్డు. ఈ కొండ మునిసిపాలిటీలో చివరి వీధికి నిన్నటికి కరెంటు ఇచ్చాం. ఇళ్లన్నీ వెలిగాయని సంబరపడ్డాను, నా మొహం! వీధిలో మిగిలింది ఐరిస్ అనే ముసలమ్మ ఒక్కతే. మిగతా అందరూ ఆవిడకి తాళాలిచ్చి ఫ్లారిడా వెళ్లిపోయారట. ఆవిడే ఇంటింటికీ తిరిగి లైట్లు వేస్తోంది. ఎందుకని స్పానిష్ వచ్చిన మా ఫోర్‌మన్ చేత అడిగించాను. "చీకటిగా ఉంటే ఎవరూ లేరనుకుని మళ్లీ కరెంటు తీసేస్తారు" అందట.

హాసిని దగ్గు తగ్గిందా? కారు ఆయిల్ మార్పించు. నేనెప్పుడొస్తానో ఇంకా తేలలేదు. దానికి ముద్దులు. రోజూ పొద్దుగూకాక నా గదిలో లైటు వెయ్యి. వృథా అనకు.

తారకం