చివరి రీలు లేని సినిమా

సలీం,

మంగళగిరి హాలు మేనేజరు మన సినిమా చివరి రీలు కోసేశాడు. రోజుకు ఐదో ఆట ఇరికించడానికి చేసిన దొంగతనం అది.

నువ్వు పోయి నేటికి ఏడాది. బెజవాడలో మనిద్దరం చూసిన, నూరేళ్ల తర్వాత జరిగే మరమనుషుల సినిమాయే మళ్లీ ఇక్కడికి వచ్చింది. చివర్లో కూలీలంతా కలిసి ఆ యంత్రాల మీట దించేస్తుంటే నువ్వు కుర్చీ ఎక్కి ఈల వేశావు. ఈరోజు ఆ కూలీలు తెర మీదకు రానేలేదు.

ఆట వదిలాక గేటు దగ్గర జనాన్ని ఆపి అడిగాను.

"ఎలా ఉందండీ?"

"కామెడీ అదిరిందండీ. అప్పటికి కరెంటే పోదంట!" అన్నాడొకాయన.

"మరి ముగింపు?"

"లైట్లేశారు కదా బాబూ, అదే ముగింపు," అంది ఆయన భార్య.

వాళ్ల నుంచి ఏం దోచుకున్నారో వివరించబోయాను. "బస్సెళ్లిపోద్ది," అంటూ కదిలారు. నువ్వుంటే టికెట్ల కిటికీకి అడ్డం నిలబడి ఆ రీలు వేయించేవాడివి. నేనెంత అరిచినా మేనేజరు బయటికే రాలేదు. కరపత్రం రాసి పంచితే, అందులోనే బఠాణీలు పొట్లం కట్టించుకున్నారు.

ఆ కరపత్రం కింద మనిద్దరి పేర్లూ పెట్టాను. ఒక్కరూ రారని తెలుసు. అయినా పిలుస్తున్నాను: ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు, మ్యాట్నీ బెల్లు కొట్టకముందే, ఆ చివరి రీలు అడగడానికి అందరూ హాలు గేటు దగ్గరకు రండి.