అన్నయ్య చదివిన ఆకాశం

కేప్ ఆర్నల్ గుడిసె, దక్షిణ ధ్రువ సీమ
1913 జనవరి 19

అమ్మకు,

నీ చిన్నవాడు ముద్దులతో రాస్తున్నాడు. ఇక్కడ మిగిలినవాళ్లం ఏడుగురమూ క్షేమం. సౌత్‌పోర్ట్‌లో నువ్వూ నాన్నా కులాసా అని తలుస్తాను.

ఏడాదికోసారి వచ్చే ఓడ నిన్న వచ్చింది. నువ్వు పంపిన ప్లమ్ జామ్ సీసా ఒక్కటీ పగల్లేదు. ఉన్ని మేజోళ్లు సరిపోయాయి. నా కాలివేళ్లు అడిగావు, పదీ ఉన్నాయి. నాన్న మోకాలి సంగతి మాత్రం నువ్వు రాయలేదు.

నువ్వు అడిగిన ఇంకో మాటకి జవాబు రాయలేక మూడు కాగితాలు చించాను. తొమ్మిదేళ్లకే పడవెక్కిన క్లెమెంట్ అన్నయ్య ఆకాశం చూసి ఎలా పొరబడ్డాడని అడిగావు. "టిల్లీ వాళ్ల పెద్దోడి కళ్లు నమ్ముకుంటే ముగ్గురూ పోయేవాళ్లే" అని బెల్లమీ ముసలాయన అన్నయ్య గురించి అన్నప్పటినుంచి రేవుకే వెళ్లడం లేదన్నావు.

ఇక్కడ మబ్బు అద్దం లాంటిదమ్మా. కింద మంచుంటే తెల్లగా మెరుస్తుంది, నీళ్లుంటే నల్లబడుతుంది. మంచుబండి లాగే ముందు రోజూ దాన్ని చూసే దారి పెట్టుకుంటాం. అన్నయ్య పోయిన రోజు ఉదయం మాతో ఉన్న డాక్టర్ వెన్, మంచు తెలుపుకి చూపు దెబ్బతిని, కళ్లకు గంతలతో బండి మీద నిద్రపోతున్నాడు. ఎదురుగా ఒక కొండ తలకిందులుగా గాల్లో వేలాడుతోంది. ఉత్త ఎండమావి. దాని పక్క మబ్బు నల్లగా ఉంది.

"అక్కడ నీళ్లున్నాయిరా. చుట్టూ తిరిగి పోదాం," అన్నాడు అన్నయ్య.

"అది కొండ నీడ. ఇంకో రెండు రోజులు కడుపు మాడ్చుకోవాలా? ముసలాడివైపోయావు, కాళ్లు వణుకుతున్నాయి నీకు," అన్నాను నేను.

"నోర్ముయ్ వెధవా," అని నవ్వాడు. "సరే, నీ మాటే కానీ. దున్నపోతంత బరువున్నావు, ముందు నేను నడుస్తా."

మూడు గంటలకు అన్నయ్య కాళ్ల కింద మంచు విరిగింది. అన్నయ్య నడుముకు కట్టిన తాడు లాగితే తెగిన కొస వచ్చింది. "ఇటు రమ్మన్నదెవడు?" అని డాక్టర్ అరిచాడు. "అన్నయ్య" అన్నాను. ఆ మాటే నివేదికలో ఎక్కింది, పేపర్లలో వచ్చింది. ఏడాదిగా సిగ్గుతో చస్తున్నాను.

అన్నయ్య పొరబడలేదమ్మా. ఇవాళ పొద్దున డాక్టర్‌తో చెప్పేశాను. ఆయన నివేదిక దిద్ది నాచేత సంతకం పెట్టించాడు. ఈ ఉత్తరం రేవులో అందరిముందూ చదివించు.

తిరుగు ఓడలో నాకు చోటుంది. లేదని రాద్దామనుకున్నాను, చేతులు రాలేదు. నీ ముఖం చూడలేకే ఆగిపోతున్నాను. వచ్చే ఏటి ఓడకి రమ్మంటే వస్తాను. కానీ తల్లివి కాబట్టి తొందరపడి రమ్మనకు. ముందు ఎడిత్ వదినకి ఇది చదివి వినిపించి, ఆమె ఒప్పుకుంటేనే రాయి.

ఇట్లు,
నీ చిన్నకొడుకు
హెక్టర్