బందెలదొడ్డిలో నా పదకొండు గొర్రెలు

రాయపూర్,
9–8–1951

మాంసం లైసెన్సుల అధికారి గారి సముఖమునకు, గుఢియారీ నివాసి, రైల్వేలో గ్యాంగు మేస్త్రీగా చేసి దిగిపోయిన నూకరాజు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ కచేరీ కాగితంలో ఆవులైపోయిన నా గొర్రెలను మరల గొర్రెలుగా గుర్తించి విడిచిపెట్టుట గురించి.

తమరు తెలుగువారని విని తెలుగులోనే వ్రాయుచున్నాను. హిందీలో నోరు తెరిచినందుకే నాకీ గతి పట్టినది.

1. నౌకరీ అయిన పిదప పదకొండు పొట్టేళ్ళను పచ్చగడ్డి మీద, తుమ్మకాయల మీద పెంచితిని. తూకానికి ముందు ఉప్పు తవుడు పెట్టి, నీళ్ళు తాగించి పొట్టలు ఉబ్బించే పని ఎన్నడూ చేయలేదు. రెండేళ్ళు నిండనిదే దేనినీ కోతకు ఇవ్వదలచలేదు. మంచి మాంసం అమ్మవలెనన్నదే నా కోరిక.

2. అందుకు లైసెన్సు కోరి జూన్‌లో తమ కచేరీకి వచ్చితిని. ఏ జంతువు అని గుమాస్తా అడిగెను. "భేడ్" అను హిందీ మాట సమయానికి నోటికి రాలేదు. "గొర్రెలు" అంటిని. ఆయన "గోరూ" అని వ్రాసుకొనెను. ఇక్కడివారి మాటలో గోరూ అనగా ఆవులు, ఎద్దులు.

3. మర్నాడే, నేను ఆవులను కోయబోవుచున్నానని జవాన్లు వచ్చి మందను బందెలదొడ్డికి తోలుకొనిపోయిరి. తోలినవి గొర్రెలని వారికి కనబడలేదు కాబోలు. ఆవులు కోసే ఇల్లని వీధి కుళాయి దగ్గర వాడవారు నా భార్య పైడమ్మ బిందెను పక్కకు నెట్టుచున్నారు. శుక్రవారం శుక్రవారం ఆవుకు పసుపు రాసి మేత పెట్టే మనిషి ఆమె.

4. జూలైలో తమరు దయతలచి విడుదల ఉత్తరువు ఇచ్చితిరి. అందులోనూ "పదకొండు గోరూలు" అనే ఉన్నది. దొడ్డి లెక్కలు వ్రాసే ముహర్రిరు అది చదివి, "నీ గోరూలు ఇక్కడ లేవు, ఇవి భేడ్లు" అనెను. అవే నావి బాబూ అంటే, "అయితే భేడ్ల కాగితం తే" అనెను. తమ గుమాస్తాను అడిగితే, "భేడ్ల మీద కేసే లేదు, విడుదల ఎక్కడిది?" అనెను. రెండు వారాలుగా ఈ ఇద్దరి మధ్య తిరుగుచున్నాను.

5. దొడ్డిలో పెట్టేది బూజు పట్టిన ఎండుగడ్డి. కంచె ఇవతల నా గొంతు వింటే అరుస్తాయి. వీపు తడిమితే చేతికి ఎముకలే తగులుతున్నాయి. వాటిని నేను కోతకే పెంచాను, కాదనను. ఆకలితో మాడ్చి చంపడానికి పెంచలేదండి.

కావున తమరే ఒక్కసారి దొడ్డికి దయచేసి, వాటి బొచ్చు చేత్తో ముట్టి చూచి, ఉత్తరువులో ఆ ఒక్క మాట దిద్దించవలెనని నా మొర. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నూకరాజు

తా.క. ఈ అర్జీ మడిచేలోగా దొడ్డి నుంచి కబురొచ్చింది. రెండు చచ్చిపోయాయి. వెళితే, కళేబరాలు నాకు ముట్టినట్టు రసీదు మీద సంతకం పెట్టమన్నారు. దాని మీద "దో భేడ్" అని తప్పు లేకుండా రాసి ఉంది. మిగతా తొమ్మిదీ ఇంకా గోరూలే.