జాబితాలో పదిహేడో పేరు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావ మోకాలు నొప్పి కూడా తగ్గినట్టే, దాని గురించి రోజంతా మాట్లాడే ఓపిక వచ్చింది. నువ్వూ, మరదలూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు వేశావు. అమ్మ పళ్ళసెట్టు వాడుతోంది, తినేటప్పుడు మాత్రం తీసేస్తోంది. కొత్త షెడ్డుకి ఏ రేకులు మంచివో వడ్రంగివి నీకే తెలియాలి. మూడో ప్రశ్నకే జవాబు రాయలేక మూడు రోజులుగా తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. 

నువ్వు బల్లలు చేసిచ్చిన కంపెనీ దివాలా తీసింది కదా. దాని నుంచి బాకీలు రావాల్సిన నలభై ఒక్కమంది తరఫున వాదించేది మా ఆఫీసే. వాళ్ళలో యూనిఫాంలు కుట్టినావిడ రోజూ వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది, ఏమీ అడగదు. దివాలాకి ముందు మూడు నెలల్లో కంపెనీ ఎవరికెంత చెల్లించిందో జాబితా రాయడం నా పని. అలా ముందుగా ముట్టిన డబ్బు వెనక్కి తెప్పించి అందరికీ పంచాలి. పదిహేడో పేరు నీది.

'సరిగ్గా ఆ వారమే బాకీ వసూలు చేసుకోమన్నావు, నీకెలా తోచిందక్కా?' అని అడిగావు. తోచలేదురా. కంపెనీ మునుగుతోందని మా సీనియరు ఫోన్లో అంటుంటే విన్నాను. బయటికి పొక్కనివ్వొద్దని ఆయన చెప్పారు కూడా. మెట్లు దిగకముందే నీకు ఫోన్ చేశాను. తప్పని తెలిసే చేశాను.

నిన్న నీ పేరు వదిలేసి జాబితా టైపు చేశాను. కాగితాలతో వస్తుంటే ఆ యూనిఫాంలు కుట్టినావిడ లేచి, "బరువుగా ఉన్నాయామ్మా, నేను పట్టుకోనా?" అంది. ఆ జాబితా సీనియరుకి ఇవ్వకుండా నా సొరుగులో పెట్టేశాను.

ఈ ఉదయం సీనియరుకి అంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"కేసు నుంచి తప్పుకో. నీ లైసెన్సు ఉంటుందో లేదో నేను చెప్పలేను. జాబితా ఏదీ?"

పదిహేడో పేరుతో సహా ఇచ్చేశాను.

డబ్బంతా షెడ్డుకే అయిందని తెలుసు. నేను దాచుకున్నది పంపిస్తాను, మిగతాది వాయిదాల్లో కట్టుకో. అది కట్టాక నీ బాకీ మళ్ళీ మొదటికొస్తుంది, నువ్వూ నలభై రెండోవాడిగా ఆ బెంచీ మీద కూర్చోవాలి. కోపం వస్తే తిట్టు, మాట్లాడటం మాత్రం మానకు.

ఆ డబ్బు తిరిగి కట్టమని వచ్చే వారం నీకు నోటీసు వస్తుంది. ఈసారి నీకు ముందుగా చెప్పవచ్చా అని సీనియరుని అడిగాను. చెప్పమన్నారు.

ఇట్లు,
మేలు చేయబోయి నీకే ఎసరు పెట్టిన
అక్క