ముప్ఫై ఒక్క పేర్లున్న ఫోను

నవంబరు 6, సోమవారం

హలీనా అక్క ఫోను పోయింది. బ్రెమర్‌హాఫెన్ స్టేషను దగ్గర సైకిలు మీద వచ్చినవాడు లాక్కుపోయాడు. దానికి లాక్ కూడా లేదట! రోజంతా మంచునీళ్ళలో చేపలు కోసే చేతులు, ఎన్నిసార్లని తుడుచుకుని నంబరు కొట్టనే పిల్లా అంది. చెడామడా తిట్టాను. మా చేపల ఫ్యాక్టరీ యూనియన్ గ్రూపు అందులోనే ఉంది. ముప్ఫై ఒక్క పేర్లు. మేనేజరు కంటపడితే ఆ ముప్ఫై ఒక్కమందికీ మార్చిలో కాంట్రాక్టు మళ్ళీ రాయరు. నా ఫోను నుంచే ఆమె ఫోనంతా చెరిపేశాం. తర్వాత ఏడ్చింది. ఎందుకు తిట్టానా అనిపించింది.

నవంబరు 9, గురువారం

టీ టైములో అందరినీ కూర్చోబెట్టాను. వీడియోలు చూసి నేర్చుకున్నదంతా చెప్పాను. ఎనిమిది అంకెలు పెట్టుకోండి, పుట్టినరోజు వద్దు. వేలిముద్ర తీసేయండి, పోలీసులు వేలు పట్టుకుని నొక్కించగలరు, నంబరు మాత్రం కక్కించలేరు. హలీనా కొత్త ఫోను పట్టుకుని, పోలీసులెందుకే, మనం కోసేది చేపలేగా, పీకలు కాదుగా అంది. అందరూ పడీపడీ నవ్వారు. అయినా అందరూ మార్చారు.

నవంబరు 15, బుధవారం, మధ్యాహ్నం 2

పోలీసులొచ్చారు. చేపల చర్మం వొలిచే మిషను వీడియో ఎవరో బయటపెట్టారని కంపెనీ ఫిర్యాదు. ఎవరో కాదు, నేనే. మూత లేని ఆ మిషన్లో పోయిన నెల ఒకతని వేలు పోయింది. కోర్టు కాగితం చూపించి నా ఫోను తీసుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది. ఊరందరిచేతా వేలిముద్ర తీయించాను, నాది తీయలేదు. గాడిదని. ఫోన్లో దొరికిందంతా కేసు ఫైల్లోకెక్కుతుంది, దాన్ని రేపోమాపో కంపెనీ లాయరు చదువుతాడు.

పోలీసుల్లో పెద్దాయన నా మణికట్టు పట్టుకుని వేలు నొక్కాడు. తెరుచుకోలేదు. తుడిచి నొక్కాడు. ఊహూ. పొద్దుటి నుంచి నానిన వేలు, కిస్మిస్‌లా ఉంది. అయిదోసారికి ఫోనే లాక్ నంబరు అడిగింది. చెప్పేయండి మేడమ్, ఇంటికెళ్ళిపోవచ్చు అన్నాడు. చెప్పను అన్నాను. అంత దాచేదేముంది వీబ్కె, ప్రియుడి ఫోటోలా అన్నాడు ఫోర్‌మన్ డెట్లెఫ్. కాదు, మీ ఆవిడ మెసేజీలు అన్నాను.

నవంబరు 16

నోరు మూసుకుని ఉండమంది మా లాయరు. నాకు చేతకాని పని అదొక్కటే.

నవంబరు 22, బుధవారం

ఫైల్లో ఒక్క పేరు కూడా లేదట. లాయరు చూసొచ్చింది. ఫోను ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, ఇంకా మూసే ఉంది. పోలీసులొచ్చిన రోజే హలీనా గ్రూపు మొత్తం తీసేసిందట. నేను చెప్పకుండానే! శనివారం మూడింటికి మీటింగు పెట్టాలి. ఫోన్లు వద్దు, నోటితోనే చెబుదాం అనుకున్నాం.

నవంబరు 23

చేపలు కోసే లైను వెంట నడుస్తూ, మిషన్ల మోతకి పెట్టుకునే చెవి మూత ఒక్కొక్కరిదీ ఎత్తి చెప్పాను. పదిమందికి చెప్పాను. పదకొండో ఆమె నా చెవి మూతే ఎత్తి, శనివారం మూడింటికట, నీకు తెలుసా అంది.

ఆమె పేరు మా ముప్ఫై ఒకటిలో లేదు.